రంగు పోయిన నీళ్లు

ధర్మవరంలో పట్టునూలుకు రంగులద్దే సుంకన్న చేతులు మోచేతుల దాకా ఎర్రగానే ఉంటాయి. పెళ్లికి పోయినా జేబులోంచి బయటికి తీయడు, సిగ్గు. ఎరుపంటే సుంకన్నదే ఎరుపని మగ్గాలవాళ్లు మెచ్చుకుంటారు. ఆ ఎరుపే ఆయన కొంప మీదికి తెచ్చింది. ఆయన రంగుల షెడ్డు నీళ్లు వీధి కాలవలోకి పోయి, మా పక్కింటి బాలమ్మవ్వ బోరులో రంగు తేలింది. ఇది ఆగకపోతే ఉగాదికి షెడ్డు మూయాల్సిందేనని వీధంతా ఒక్క మాట మీద నిలబడింది.

అప్పుడు పెనుకొండ నుంచి ఐశ్వర్య వచ్చింది. ఇంజనీరింగు కాలేజీలో రంగునీళ్లను బాగుచేసేదాని మీద పరిశోధన చేసే పిల్ల. గాజు జాడీలో ఆయన రంగునీళ్లు పోసి, రెండు కరెంటు తీగలు దించి, స్విచ్చి వేసింది. నీళ్లలో టపటపమని మెరుపులు! సుంకన్న పీట లాక్కుని కూర్చున్నాడు. భార్య యశోద అన్నానికి పిలిచినా కదల్లేదు. ఎరుపు గులాబీ అయింది, తర్వాత అదీ పోయింది.

"రంగు యాడికి పోయింది పాపా?"

"యాడికీ పోలేదు మామా. మెరుపు దాన్ని ముక్కలు చేసింది. ఆ ముక్కలకు రంగుండదు."

జన్మంతా రంగును నిలబెట్టడానికే పాటుపడిన మనిషికి ఆ మాట మింగుడుపడలేదు. జాడీ తర్వాత జాడీ పట్టించి బకెట్ నింపించాడు. పరీక్షకని ఐశ్వర్య ఒక సీసాలో నీళ్లు పట్టుకుని అటు పోగానే, ఈయన ఇటు సగం బకెట్ నీళ్లతో రంగు కాచి పట్టునూలు ముంచాడు. తెల్లనీళ్లంటే రంగులవాళ్లకు కొత్తనీళ్లే మరి. నూలు ఆరేసరికి మచ్చలు మచ్చలుగా వెలవెలబోయింది. ఫోన్ చేస్తే ఐశ్వర్య నవ్వింది.

"మెరుపులకు పుట్టిన, రంగును కొరికే ఘాటు నీళ్లల్లో ఇంకా ఉండాది మామా. రంగు పోతానే నీళ్లు బాగైనట్టు కాదు."

మర్నాడు వీధంతా బకెట్ చుట్టూ చేరింది. బాలమ్మవ్వ వంగి చూసింది.

"ఏమప్పా, ఇంత తేటగుండాయే! కాలవలోకి వదులుకో పో. షెడ్డు మూసేదెందుకు?"

ఊ అంటే సరిపోయేది. యశోద కళ్లతోనే అనమంది. సుంకన్న లోపలికి పోయి ఆ నూలు తెచ్చి అవ్వ చేతిలో పెట్టాడు.

"ఈ నీళ్లు నా ఎరుపునే తినేసినాయవ్వా. మీ బోర్లో కలిస్తే ఏం చేస్తాయో నాకు తెలీదు. పరీక్ష తేలేదాకా షెడ్డు మూస్తాండా."

బతుకుదెరువును చేతులారా మూసుకుంటాడా అని నాకు ఒళ్లు మండింది. అవ్వ మాత్రం నూలు మీది మచ్చల్ని వేలితో తడిమి చూసింది. కొంగు చాటునుంచి ఖాళీ చెంబు తీసింది.

"నువ్వు ఊ అనింటే, తాగేదానికి పట్టుకపోదామని తెచ్చుకుంటినబ్బా" అంది.