కంచం చేతికివ్వాలి

గుడివాడలో కాలేజీ రోడ్డు వెనక సందులో ఉన్న నాగమల్లేశ్వరి మెస్సుకు బోర్డు లేదు గానీ రూలు మాత్రం ఒకటుంది. తిన్న కంచాన్ని ఎవరూ తొట్టిలో పడేయకూడదు, తెచ్చి ఆమె చేతికే ఇవ్వాలి. ముప్ఫైమంది కుర్రాళ్ళు రెండుపూటలా వరసకట్టి కంచాలు అప్పగిస్తుంటే చూసేవాళ్ళకు నవ్వొస్తుంది. ఆంటీకి కంచాల పిచ్చి అని వాళ్ళే అనుకుంటారు. అనుకోనీ. ఆ పిచ్చి ఎక్కణ్ణించి వచ్చిందని అడిగిన పాపాన ఒక్కడూ పోలేదు.

ఆమెది కృత్తివెన్ను. భర్త పెద్దిరాజుతో కలిసి పన్నెండేళ్ళు ఊళ్ళోవాళ్ళ రొయ్యల చెరువుల మీద పనిచేసింది. నీళ్ళ అడుగున రొయ్య ఎలా ఉందో పైకి కనపడదు. అందుకని చెక్ ట్రేలో కాస్త మేత వేసి నీళ్ళలోకి దించి, రెండు గంటలయ్యాక పైకి లాగి చూస్తారు. మేత మిగిలిందంటే లోపల ఏదో తేడా చేసినట్టే. గుడివాడ వచ్చి మెస్సు పెట్టుకున్నా ఆ చూపు ఆమెను వదల్లేదు. ట్రేల బదులు కంచాలు వచ్చాయి, అంతే.

రెండేళ్ళ కిందట క్రాంతి కుమార్ అనే కుర్రాడి కంచంలో అన్నం మిగలడం మొదలైంది. ఇంటిమీద బెంగేమో అనుకుంది. మనకెందుకులే అని కూడా అనుకుంది. పదిహేను రోజులు ఆ కంచాన్ని కడిగి బోర్లించింది. పదహారో రోజున కుర్రాడు చదువు మానేసి వెళ్ళిపోయాడు. గంజాయి అలవాటైందట, తర్వాత తెలిసింది. చెరువులో ట్రేని చూడ్డానికి రెండు గంటలు దాటనిచ్చేది కాదు. మనిషి కంచాన్ని పదిహేను రోజులు చూస్తూ ఊరుకుంది. ఆ సంగతి తల్చుకుంటే ఆమెకు ఇప్పటికీ ముద్ద దిగదు.

అందుకే సాయికిరణ్ విషయంలో మూడో రోజు దాటనివ్వలేదు. దివిసీమ నుంచి వచ్చి పాలిటెక్నిక్ చదువుతున్న ఈ కుర్రాడు చేపల పులుసు ఉంటే మూడుసార్లు వడ్డించుకునే రకం. అలాంటివాడు పులుసన్నం కెలికి వదిలేస్తున్నాడు. మళ్ళీ మూడింటికి ఎర్రటి కళ్ళతో వచ్చి, తీపి ఏమన్నా ఉందా అని అడుగుతున్నాడు.

"ఇలా కూర్చో నాన్నా," అంటూ పీట చూపించింది. "ఎన్నాళ్ళైంది మొదలెట్టి?"

"ఏంటండీ?"

"నేను పోలీసుని కాదు. కంచం చూసి అడుగుతున్నాను."

సాయికిరణ్ గుమ్మం వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "రెండు నెలలండి. ఫ్రెండ్ ఇచ్చాడు. గంజాయి. మానేద్దామనే ఉంది ఆంటీ, నా వల్ల కావట్లేదు. మా నాన్నకి చెప్పకండి."

"నేను చెప్పను. నువ్వే చెబుతావు. అప్పుడు నేను పక్కనుంటాను."

మర్నాడు కుర్రాడు మెస్సుకు రాలేదు. తొందరపడి తరిమేశానా అని ఆమె రోజంతా నలిగిపోయింది. ఆ పైరోజు గరిటె పెద్దిరాజు చేతిలో పెట్టి, క్యారేజీతో ఆటో ఎక్కింది. సాయికిరణ్ రూములో ఒక్కడే ముసుగుతన్ని పడుకుని ఉన్నాడు. తిట్టడం ఆమెకు బాగానే వచ్చు, కానీ ఆ పూట తిట్టలేదు. అన్నం కలిపి ముందు పెట్టి గోడకు ఆనుకుని కూర్చుంది.

"నువ్వు తినేదాకా లేవను. అక్కడ మీ మావయ్య చేతి వంటతో ముప్ఫైమంది అల్లాడుతుంటారు, నీ ఇష్టం."

నాలుగు ముద్దలు తిన్నాడు. అయిదోది చేతిలో ఉండగా ఏడ్చేశాడు. చెయ్యి కడుక్కుని తనే తండ్రికి ఫోన్ చేశాడు.

సాయంత్రానికల్లా తండ్రి వెంకట్రామయ్య మెస్సు గుమ్మంలో ఉన్నాడు. వస్తూనే కొడుకు మీద చెయ్యెత్తాడు. ఆమె మధ్యలోకి వచ్చింది. "అన్నయ్యగారూ, తనంతట తనే చెప్పాడండి. ఇప్పుడు కొడితే ఇంకెప్పుడూ చెప్పడు."

ఎత్తిన చెయ్యి కాసేపు అలాగే ఆగి, చివరికి కొడుకు భుజం మీద వాలింది. మర్నాడు పొద్దున్నే ముగ్గురూ కలిసి బందరు బస్సెక్కి డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఒక్కసారితో అయిపోయే పని కాదది. మధ్యలో సాయికిరణ్ ఒకసారి జారాడు కూడా. ఆ సంగతీ కంచమే చెప్పింది. ఆమె మళ్ళీ అతన్ని వెంటబెట్టుకుని బందరు వెళ్ళింది.

ఎండాకాలం వచ్చేసరికి కుర్రాడు పులుసు మూడోసారి అడగడం మొదలెట్టాడు. "మిగతావాళ్ళకి ఉంచవా ఏంటి?" అని కసురుతూనే ఆమె నిండుగా వడ్డించేది.

ఒక మధ్యాహ్నం సాయికిరణ్ రెండు కంచాలు తెచ్చాడు. ఒకటి తుడిచినట్టుంది. రెండోదాంట్లో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది.

"ఇది కృపానందంది ఆంటీ, మా జూనియర్. మొన్నటినుంచీ చూస్తున్నాను. ఇవాళ కంచం వదిలేసి వెళ్ళిపోయాడు."

నాగమల్లేశ్వరి కంచాన్ని కాదు, అతని మొహాన్ని చూసింది. "పద, నేనొస్తాను."

"మీరు తర్వాత రండి. ముందు నేనెళ్ళి కూర్చుంటాను. లోపల ఎలా ఉంటుందో నాకు తెలుసు కదండీ."

ఆమె క్యారేజీ దించి, ఇద్దరికి సరిపడా అన్నం పెట్టింది.