నురగ రాని సబ్బునీళ్లు

పోయిన మంగళవారం పొద్దున కాలేజీ ల్యాబ్ అటెండర్ ఫోన్ చేశాడు. "మేడం పోయిండ్రమ్మా. దవాఖానాలనే" అన్నాడు. తల్లాడలో నా క్లాసు మొదలయ్యే వేళ అది. అటెండెన్స్ తీసుకొని, పాఠం పూర్తి చేసి, అప్పుడు ఖమ్మం బస్సెక్కాను. క్లాసు ఎగ్గొట్టి వెళ్తే ఆవిడ ఊరుకునే మనిషి కాదు.

ఎమ్మెస్సీలో ఆవిడ నా ప్రాజెక్టు గైడు. సబ్బులా పనిచేసే పదార్థం తయారుచేయడం మా పని. ఇప్పగింజల నూనె, చక్కెర, ఆ రెంటినీ కలపడానికి ఒక ఎంజైము, గోరువెచ్చటి వేడి. ఘాటైన ద్రావకాలను గుమ్మం దాటనిచ్చేవారు కాదు. "మూత తీస్తే ముక్కు మూసుకునేది మనకొద్దు" అనేవారు.

మా పదార్థం అణువు ఇదంటూ బోర్డు మీద సున్నా చుట్టి దానికో తోక గీసేవారు. "తలకు నీళ్లిష్టం, తోకకు జిడ్డిష్టం. కొన్నే ఉంటే దేని దారి దానిది. సరిపడా అయితే తోకలు లోపలికి పెట్టుకొని గుండ్రంగ కూసుంటయి. జిడ్డు నడుమ ఇరుక్కుంటది. ఎవ్వరు పిలువరు, వాటంతటవే కూడుతయి." ఎంత మోతాదులో అలా కూడతాయో కొలవడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

ఇదంతా పినపాక వైపు ఒక అడవిపల్లె కోసం. ఎండాకాలం అక్కడి ఆడవాళ్లు వాగులో బట్టలుతుకుతారు. కాస్త దిగువన ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్లు తాగుతారు. ఉతికిన నీళ్లు ఆ చెలమను పాడుచేయకూడదన్నదే మేడం పట్టుదల.

మొదటిసారి వెళ్లినప్పుడు నేనో తప్పు చేశాను. మేం తయారుచేసిన సబ్బుమందుకు మురికి పోతుంది గానీ నురగ రాదు. నురగ లేకపోతే నవ్వుతారని భయపడి, క్యానులో రెండు గుప్పెళ్ల బజారు పొడి కలిపాను. ఆడవాళ్ల మోచేతుల దాకా నురగ పొంగింది. అందరూ మెచ్చుకున్నారు. మేడం మాత్రం నావైపు చూశారు.

"ఏం కలిపినవ్?"

చెప్పాను.

"మురికి పోయేది నురగతోని గాదని నీకు తెల్వదా?"

"నాకు తెలుసు మేడం. వాళ్లకు తెల్వదని..."

"తెల్వకుంటే చెప్పాలె."

ఆ బకెట్లన్నీ వాగుకు దూరంగా ఎండునేల మీద పారబోయించారు. "మా పిల్ల బజారు పొడి కలిపింది. తప్పు మాది" అని అందరికీ చెప్పారు. ఒక అవ్వ చెలమ దగ్గరికి పోయి చెంబు ముంచుకొచ్చి నా ముందు పెట్టింది. "అయితే ముందు నువ్వు తాగు బిడ్డా."

నా చెయ్యి లేవలేదు. మేడం ఆ చెంబు అందుకొని ఖాళీ అయ్యేదాకా తాగారు. అయినా మిగతా క్యాన్లు తెచ్చినవి తెచ్చినట్టే వెనక్కి వచ్చాయి. బస్సులో ఏడుస్తుంటే జామకాయ చేతిలో పెట్టి, "ఏడ్చింది చాలు. రేపు జల్దీ రా" అన్నారు. అంత సిగ్గు మళ్లీ ఎన్నడూ పడలేదు.

ఆ తర్వాత రెండో శనివారం వస్తే చాలు, ఆవిడ ఆ వాగుకు పోయేవారు. ఉపన్యాసాలేమీ లేవు. మా మందుతో తన చీరే ఉతుక్కొని, దిగువకు నడిచి, అందరూ చూస్తుండగా చెలమ నీళ్లు తాగి వచ్చేవారు. రెండో ఎండాకాలం ఆ అవ్వే, "ఆ సీస ఇటియ్యి" అని అడిగిందట.

మేడం పోయిన కబురు చెప్పాల్సింది నేనే అనిపించి ఆదివారం అక్కడికి వెళ్లాను. అవ్వ వాగు దగ్గరే కనిపిస్తే చెప్పాను. "అవ్. మొన్న శనివారం రాలే. ఏందో అనుకున్న" అంది. చెంబులో మా మందు నాలుగు చుక్కలు వేసి తోమి, వాగులో కడిగింది. నురగ లేదు. దిగువకు నడిచి, చెలమలో నిలవ నీళ్లు తోడిపోసి, కొత్త నీళ్లు ఊరేదాకా కూర్చుంది. చెంబు ముంచి నాకు చాపింది.

ఈసారి అందుకోవడానికి పక్కన మేడం లేరు. రెండు చేతులతో పట్టుకొని తాగాను. అడుగున సన్నటి ఇసుక నాలుకకు తగిలింది.