జీపులో విరిచిన పుల్ల

విడాకుల తీర్పు నకలు చేతికొచ్చిన రోజు, కోర్టు నుంచి తిన్నగా వచ్చి చింతపల్లి జీపెక్కాను. లోపల మనసు గంతులేస్తోంది. నవ్వితే ఎవరేమనుకుంటారోనని పెదాలు బిగబట్టి, కవరు గుండెకి హత్తుకుని కూర్చున్నాను.

పక్కన కొండచీపుళ్ల మోపుతో ఒక పెద్దావిడ.

"ఏటమ్మా, అంత బద్రంగా అట్టుకున్నావు?"

"విడాకులొచ్చాయమ్మా. కోర్టు కాయితం."

"మరి పుల్ల ఇరిసేరా?"

పుల్లేమిటని అడిగాను. వాళ్ల ఊళ్లో ఆలుమగలు విడిపోతే పెద్దల ముందు పుల్ల విరుస్తారట. ఆ చప్పుడు అందరికీ వినపడితేనే తెగినట్టట.

"కోర్టులో అలాంటిదేం లేదమ్మా," అన్నాను.

"అయితే నీకింకా సగమే అయింది," అంటూ మోపులోంచి ఒక పుల్ల లాగి నా చేతిలో పెట్టింది. ముందుకి వంగి డ్రైవరు భుజం తట్టింది. "బాబూ, ఒక్క నిమిసం ఇంజను ఆపు. ఈ ఆడగుంట పుల్ల ఇరుస్తాది."

అతను ఘాట్ మలుపులో పక్కకి తీసి ఆపేశాడు. జీపులో మాటలన్నీ ఆగిపోయాయి. వెనక వేలాడుతున్నవాళ్లు తలలు లోపలికి పెట్టారు. పుల్ల అందరికీ కనపడేలా పైకెత్తాను. విరిచాను. టప్పుమంది.

"ఇనబడిందా?" అందావిడ.

"ఇనబడింది!" జీపంతా ఒక్కసారిగా అరిచింది. వాళ్లతో పాటు నేనూ అరిచాను, గొంతు చించుకుని.

విడాకులు ఎప్పుడొచ్చాయని ఎవరైనా అడిగితే ఇప్పటికీ కాయితం తీసి తేదీ చూడాలి. ఎక్కడొచ్చాయంటే మాత్రం ఆ మలుపు చూపిస్తాను.