చిన్న కారు వెనక బాబా బోటు: సల్వా నుంచి ఖిరాన్ దాకా

ఖిరాన్ సముద్రం ఒడ్డుకు సొంతంగా బోటు తీసుకెళ్ళడం ఎలాగని ఈ మధ్య కువైట్‌లో పనిచేసే మనవాళ్ళు కొందరు నన్ను అడుగుతున్నారు. ఇప్పుడు రోడ్లూ పెద్దవే, బండ్లూ పెద్దవే. ఏనుగంత బండికి బోటు కట్టి లాగడంలో గొప్పేముంది చెప్పండి? నేను ఎనభైల్లో, నలుగురు కూర్చుంటే మోకాళ్ళు తగిలే చిన్న కారుకు బోటు కట్టి తీసుకెళ్ళాను. గొప్పలు పోతున్నాడనుకుంటే అనుకోండి. చెప్పుకోదగ్గ పని చేసినవాడు చెప్పుకోక ఏం చేస్తాడు?

నాది రాయచోటి. అప్పట్లో కువైట్‌లో సల్వా అనే పేటలో ఒక టీచరమ్మ ఇంట్లో డ్రైవరుగా ఉండేవాణ్ణి. ఇంట్లో పనివాళ్ళందరం ఆమెను, అమ్మా అన్నట్టు, మామా అనేవాళ్ళం. ఆమె తండ్రి కూడా ఆ ఇంట్లోనే ఉండేవాడు, ఆయన్ని బాబా అనేవాళ్ళం. బాబా చిన్నతనంలో ముత్యాల వేటకు పోయే పడవల మీద పనిచేసిన మనిషి. పెద్దయ్యాక ఒక చిన్న మోటారు బోటు కొనుక్కుని చేపలకు పోయేవాడట. మోకాళ్ళు పట్టేశాక ఆ బోటు సబ్హాన్‌లో ఒక వర్క్‌షాపు వెనక, దాని ట్రాలీ మీదే, దుమ్ము కప్పుకుని పడుంది. బాబా మాత్రం రోజూ దాని సంగతి అడిగేవాడు. కొడుకుల్ని అడిగితే రేపంటారు, ఎల్లుండంటారు.

ఒకరోజు రాత్రి భోజనాలయ్యాక నేను టీ తీసుకెళ్ళేసరికి మామా అన్నగారు తేల్చి చెబుతున్నాడు. "ఎవరూ వాడని బోటు ఎందుకు? శుక్రవారం ఖిరాన్‌లో మన షాలేకి కొనేవాడు వస్తున్నాడు. నమాజు అయ్యాక మాట్లాడి ఖలాస్ చేసేస్తాను." షాలే అంటే సముద్రం ఒడ్డున వాళ్ళు సెలవులకు పోయే ఇల్లు. బాబా చేతిలో టీ గ్లాసు అలాగే పట్టుకుని కూర్చున్నాడు. మామాకి కోపం వచ్చింది. "శుక్రవారం నమాజు అయ్యి నువ్వు బేరం మొదలెట్టేలోపు ఆ బోటు నీళ్ళలో ఉంటే?" అంది. "ఉంటే అమ్మను. కానీ ఎవరు తెస్తారు? నా బండి ఖాళీ లేదు," అన్నాడాయన. "నా కారు ఉంది కదా!" అంది మామా. ఇంకేముంది, అన్నగారూ, పక్కనే కూర్చున్న ఆయన తమ్ముడూ పగలబడి నవ్వారు. ఆమె బడికి వెళ్ళే ఆ జపాను కారు వాళ్ళ బండ్ల పక్కన నిలబెడితే బొమ్మలా ఉండేది లెండి.

మామా బయటికొచ్చి నన్ను సూటిగా అడిగింది. "బాషా, లాగుతుందా?" అంతవరకూ నేను కారుకు సైకిలు కూడా కట్టి లాగలేదు. అయినా "లాగుతుంది మామా, నాది పూచీ," అనేశాను. ఆ నవ్వు విన్నాక ఇంకో మాట నోట్లోంచి రాలేదు.

మర్నాడే సబ్హాన్ వెళ్ళి కారు వెనక, బంపరు కింద, లాగే కొక్కెం వెల్డింగు చేయించాను. పది దినార్లు తీసుకున్నాడు పెషావరు మిస్త్రీ. బోటు మోటారు విప్పి, తుడిచి, బిగించి ఇచ్చాడు కూడా. ట్రాలీ టైర్లు రెండూ మార్పించాను. అన్నీ చూసి ఆయన, "కారు చిన్నది, మనసు పెద్దది భాయ్. మెల్లగా పో," అన్నాడు.

శుక్రవారం తెల్లవారుజామున ఫజర్ నమాజు అయిన వెంటనే బయల్దేరాం. సబ్హాన్‌లో మిస్త్రీ కోసం కాచుకుని బోటు కట్టుకునేసరికి తొమ్మిదయింది. మామా ముందురోజే అన్నగారి కుటుంబంతో ఖిరాన్ వెళ్ళిపోయింది. కారులో మేం ముగ్గురం. నేను, నా పక్కన బాబా, వెనక సీట్లో వంటాయన రమణయ్య అన్న. ఆయనది రాజంపేట. నిమ్మకాయ చిత్రాన్నం గిన్నె ఒళ్ళో పెట్టుకుని, "ఏమబ్బా బాషా, ఇది కారు బోటును ఈడ్చేదా, బోటు కారును ఈడ్చేదా?" అని ఒకటే వేళాకోళం. బాబా మాత్రం పెళ్ళికొడుకులా ఇస్త్రీ దిష్‌దాషా, అదే వాళ్ళ పొడుగాటి తెల్ల అంగీ, తొడుక్కుని, వెనక్కి తిరిగి తిరిగి బోటును చూసుకుంటున్నాడు.

సబ్హాన్ నుంచి ఫహాహీల్ వైపు రోడ్డు శుక్రవారం ఉదయం ఖాళీగా ఉంటుంది. చలికాలం పోతూ పోతూ ఉన్న రోజులు, ఇంజను వేడెక్కే బాధ లేదు. అరవై దాటకుండా నడిపితే బోటు బుద్ధిగా వెనకే వచ్చింది. నా ఛాతీ అప్పటికే రెండంగుళాలు పెరిగింది. ఫహాహీల్‌లో ఆగి పెట్రోలు ట్యాంకు నింపించాం, రెండు దినార్లు కూడా కాలేదు. మోటారు కోసం రెండు టిన్నులు వేరే పోయించి, పెద్ద పెట్టె నిండా ఐసు కొన్నాం. లంగరు అప్పటిదాకా కారు డిక్కీలో ఉంది. అవన్నీ ఎక్కడ పెట్టాలి?

ఇక్కడే నా తెలివి వెలిగింది. మా అబ్బా, అంటే మా నాన్న, రాయచోటిలో జట్కా తోలేవాడు. మా గుర్రం ముసలిది, వీపు మీద పుండు ఉండేది. మనుషులు బండి ముందు భాగంలో కూర్చుంటే బరువంతా దాని వీపు మీద పడుతుందని, "కొంచెం వెనక్కి జరగండి సామీ" అని అబ్బా రోజంతా అరిచేవాడు. నేను అదే పాఠం పాటించాను. ఐసు పెట్టె, పెట్రోలు టిన్నులు, లంగరు, అన్నీ బోటు వెనక కొసకు, మోటారు దగ్గరికి చేర్చి తాళ్ళతో కట్టేశాను. ట్రాలీ ముందు కడ్డీ కారు కొక్కెం మీద ఎంత తేలిగ్గా ఆనిందంటే, విప్పి ఒంటిచేత్తో ఎత్తి చూపించాను. "చూడు అన్నా, కారు వీపు మీద దూదంత బరువు కూడా లేదు," అన్నాను. రమణయ్య అన్న మెచ్చుకోలుగా తలూపాడు.

మీనా అబ్దుల్లా దాటి దక్షిణంగా సాగాక రోడ్డు వెడల్పయింది, సరిహద్దు వైపు పోయే లారీలు ఎక్కువయ్యాయి. ఒక పెద్ద లారీ మమ్మల్ని దాటుకుని పోయింది. దాని గాలి తగలగానే బోటు ఒకసారి ఎడమకు ఊగింది, తర్వాత కుడికి, మళ్ళీ ఎడమకు ఇంకా గట్టిగా. కారు వెనక భాగాన్ని ఎవరో పట్టుకుని విదిలిస్తున్నట్టు ఉంది. స్టీరింగు నా మాట వినడం లేదు.

"ఊగులాడతాండాది! నిలబెట్టు, నిలబెట్టప్పా!" అని రమణయ్య అన్న కేకలు. బ్రేకు గట్టిగా తొక్కితే పల్టీ కొడతామని ఎందుకో అనిపించింది. కాలు మెల్లగా పైకి తీశాను, స్టీరింగు నిటారుగా పట్టుకున్నాను. వేగం తగ్గుతూ తగ్గుతూ ఊగడం ఆగింది. ఇసుకలోకి దింపి ఆపేసరికి నా చొక్కా తడిసి ముద్దయింది.

"ఎనక్కి పోదాం బాషా. ముసలాయన ప్రాణం మీదికి తెస్తావా? అమ్ముకుంటే అమ్ముకోనీలే," అన్నాడు రమణయ్య అన్న. ఆయన భయం నిజమే. నేను బాబా వైపు చూశాను. ఆయన దిగి, కర్ర పట్టుకుని బోటు చుట్టూ ఒకసారి తిరిగి, దాని పక్కన చెయ్యి ఆనించి నిలబడ్డాడు.  ఆ నిలబడటం చూశాక కారు వెనక్కి తిప్పడానికి నాకు మనసొప్పలేదు.

కూర్చుని ఆలోచించాను. ఫహాహీల్ దాకా బాగానే వచ్చిన బోటుకు దారిలో ఏమైంది? టైర్లు చూశాను, గాలి ఉంది. కొక్కెం చూశాను, గట్టిగా ఉంది. మధ్యలో మారింది ఒక్కటే, నేను వెనక కట్టిన బరువు. గుర్రానికి వీపు నొప్పి ఉంటుంది. కారుకేముంటుంది? వీపు తేలికైతే ట్రాలీ మీద దానికి పట్టు పోతుంది. ముసలి గుర్రం మీద జాలి ఇనప బండి మీద చూపించాను! తల కొట్టుకుని లేచి, తాళ్ళు విప్పి, ఐసు పెట్టె, టిన్నులు, లంగరు అన్నీ బోటు ముక్కు దగ్గరికి జరిపి కట్టాను. కారు వెనక భాగం కిందికి దిగింది.

"నడుము ఇరుగుతాది రా దానికి!" అన్నాడు రమణయ్య అన్న.

"ఇరగదు అన్నా. ఇది మా అబ్బా గుర్రం కాదు," అన్నాను. బాబాకి తెలుగు రాదు, ఏమంటున్నావని అడిగాడు. వచ్చీరాని అరబ్బీలో గుర్రం కథ చెప్పాను. కర్ర ఇసుకలో పొడిచి మరీ నవ్వాడు పెద్దాయన. నవ్వి, కారెక్కి తలుపు వేసుకున్నాడు. ఇక వెనక్కి పోవడం గురించి ఎవరూ మాట్లాడలేదు.

మొదట నలభైలో పోనిచ్చాను, తర్వాత యాభై. లారీ దాటింది. బోటు ఊగలేదు. ఇంకో లారీ, ఇంకోటి. రమణయ్య అన్న గిన్నె మూత తీసి చిత్రాన్నం పంచిపెట్టాడు. ఆయనకు ధైర్యం వచ్చిందనడానికి అంతకంటే గుర్తు అక్కర్లేదు.

అంత నెమ్మదిగా నడిపేసరికి, మేం ఖిరాన్ షాలే చేరేటప్పటికి మగవాళ్ళు మధ్యాహ్నం జుమ్మా నమాజు నుంచి తిరిగొస్తున్నారు. కొనేవాడు కూడా వాళ్ళ మధ్యే ఉన్నాడు. మామా మెట్ల మీద నుంచి లేచి నిలబడింది. మాట నిలవాలంటే బేరం మొదలయ్యేలోపు బోటు నీళ్ళలో దిగాలి. ఒడ్డున సిమెంటు ఏటవాలు ఉంది, ట్రాలీని వెనక్కి తోలుతూ దించాలి. మొదటిసారి వంకర పోయింది. వెనక నుంచి నవ్వులు వినిపించాయి. అప్పుడు మళ్ళీ జట్కానే తలుచుకున్నాను. బండిని వెనక్కి నెట్టేటప్పుడు గుర్రాన్ని ఎటు తిప్పితే బండి వెనక భాగం దానికి ఎదురు దిక్కుకు పోతుంది. ఈసారి ఆ లెక్కన తిప్పాను. ట్రాలీ గీత గీసినట్టు దిగింది. రమణయ్య అన్న నడుం లోతు నీళ్ళలో నిలబడి తాళ్ళు విప్పాడు. బోటు తేలింది.

బాబాను ఇద్దరం పట్టుకుని ఎక్కించాం. మోటారు తాడు ఆయనే లాగాడు. రెండు సార్లు దగ్గింది, మూడోసారి అందుకుంది. మోకాళ్ళ నొప్పుల మనిషి తన చేత్తో బోటు తిప్పుకుంటూ నీలం నీళ్ళలోకి పోతూ, ముత్యాల పడవల కాలంనాటి పాట ఏదో ఎత్తుకున్నాడు. ఒడ్డున నవ్వేవాళ్ళు లేరు. నవ్విన నాపచేనే పండుతుందని మనవాళ్ళు ఊరికే అన్నారా? పెద్ద కొడుకు, అదే మామా అన్నగారు, చాలాసేపు అటే చూసి, కొనేవాడి భుజం మీద చెయ్యి వేశాడు. "క్షమించు. ఇది అమ్మేది కాదు," అన్నాడు. మామా నా వైపు చూసి కళ్ళు తుడుచుకుంది.

సాయంత్రం బాబా పట్టిన హమూర్ చేపను రమణయ్య అన్న మన ఎర్రకారం వేసి వేయించాడు. బోటును మళ్ళీ ట్రాలీ మీదికి ఎక్కించాక పెద్ద కొడుకు తన పెద్ద బండిని బోటు ముందుకు తెచ్చి నిలబెట్టాడు. "ఇక నేను లాగుతాను. మీరు నా పక్కన హాయిగా కూర్చోండి," అన్నాడు తండ్రితో. మాటలో మునుపటి వెటకారం లేదు, నిజంగానే అడిగాడు. బాబా ఆ బండి దాటుకుని, కర్ర టకటకలాడించుకుంటూ మా చిన్న కారు దగ్గరికి వచ్చాడు. ముందు తలుపు తీసుకుని నా పక్క సీట్లో కూర్చున్నాడు. "నా బోటు ఎవరితో వచ్చిందో వాళ్ళతోనే వెళ్తుంది. యల్లా, పద బాషా," అన్నాడు.

ఆ తర్వాత పెద్ద పెద్ద బండ్లు నడిపాను, దూర దేశాల సరిహద్దులు చూశాను. ఏ ప్రయాణం గురించీ ఇంత గర్వం లేదు. మేం పరాయి ఇళ్ళలో తలొంచుకుని పనిచేసినవాళ్ళం. ఆ ఒక్కరోజు మాత్రం ఒక పెద్దమనిషి సముద్రం నా చేతిలో ఉంది, దాన్ని ఆయనకు అందించాను. ఇంటికి డబ్బు పంపిన రోజులు ఎన్నో ఉన్నాయి గానీ, ఇలా తలెత్తుకున్న రోజులు తక్కువ.

మీరు బోటు తీసుకెళ్తుంటే ఒక్క మాట గుర్తుంచుకోండి. ఒడ్డు చేరగానే తొందరపడి ట్రాలీని నీళ్ళలో దించకండి. దూరం తిరిగిన చక్రాల బేరింగులు కాలిపోతూ ఉంటాయి, వేడి మీద ఉప్పునీళ్ళలో ముంచితే నీరు లోపలికి లాగేసుకుని తుప్పు పడతాయి. ఆ రోజు ఆగే వీలు లేక నేను దించేశాను, నెల తిరక్కుండా రెండూ మార్చాల్సి వచ్చింది. ఓ టీ తాగి, చక్రం మధ్యలో చెయ్యి పెట్టి చూసి, చల్లబడ్డాక దించండి.