దొరసాని చెయ్యి

మా ఊరి దొరసానిని తలచుకుంటే నాకు ఆమె చెయ్యే కనబడుతుంది. నల్లగొండ దవాఖానలో, జ్వరంతో దగ్గుతున్న తన కొడుకు ముక్కు తుడిచి, అదే చేత్తో మిగతా పిల్లల బుగ్గలు నిమిరేది. మొగుడు పోయిన నాకు ఉన్నది ఒక్క బిడ్డే.

"నా బిడ్డ కాలు కాలి వచ్చింది దొరసానీ, మీ కొడుకు దగ్గు అంటుతది, ముట్టకుండ్రి" అన్నాను.

"నా చెయ్యి సోకితే దీవెననే, పిచ్చిదానా!" అని నవ్వింది.

ఆమె కొడుకు కోలుకుని దొరల గడీకి పోయాడు. నా బిడ్డ అదే దగ్గుతో ఊపిరాడక చచ్చిపోయింది.

ఊరు గడీ మీద తిరగబడ్డనాడు ఆమె నా గుడిసెలోకి ఉరికి వచ్చింది.

"జర దాచవే! నీ బిడ్డ మంచిగున్నదా? కాలు మానిందా?"

"మట్టిల పండుకున్నది. నువ్వే పండబెట్టినవు. నడువు బయటికి."

రెక్క పట్టి గెంటి తలుపేసుకున్నాను. ఆమె ఏమైందో ఎవరినీ అడగలేదు. ఇప్పటికీ అడగను.