కాళ్ళు కోసిన బల్ల

రామమోహనరావు మాంసం తినడు. చేప కూడా తినడు. సెలవు రోజుల్లో కాల్గరీకి తూర్పున, గోధుమ పొలాల మధ్య ఉన్న షూటింగ్ రేంజ్‌కు వెళ్ళి, కిలోమీటరు దూరంలో వేలాడే ఇనుప పలకను రైఫిల్‌తో కాలుస్తాడు. తగిలితే పలక మోగుతుంది. ఆ మోత అతని దాకా రావడానికి కొంత సమయం పడుతుంది. ఆ సమయం కోసమే వెళ్తాడు.

"ఆ పలక మీకేం అపకారం చేసిందండీ?" అని భార్య శ్యామల మొదట్లో అడిగేది. తర్వాత అడగడం మానేసింది.

అతను ఒక ఆయిల్ కంపెనీలో భూగర్భ పటాలు గీస్తాడు. యాభై ఎనిమిదేళ్ళు. తూటాలు బేస్‌మెంట్‌లో తనే తయారు చేసుకుంటాడు. రైఫిల్ పెద్దది, తూటాలూ పెద్దవే. పేలిన తూటాకు ఇత్తడి తొడుగు మిగులుతుంది. పేలినప్పుడు అది ఉబ్బుతుంది. దాన్ని అచ్చులోకి నొక్కి పాత కొలతకు తెస్తేనే మళ్ళీ పనికొస్తుంది. నొక్కే యంత్రం పేరు ప్రెస్. దానికొక పిడి ఉంటుంది. పిడిని పైనుంచి కిందికి లాగాలి.

ఈ చలికాలం అతని కుడిభుజం బిగుసుకుపోయింది. డాక్టరు ఫ్రోజెన్ షోల్డర్ అన్నాడు.

"జనవరిలో ఇక్కడ ఫ్రీజ్ కానిదేమిటో చెప్పమనండి ఆయన్ని," అంది శ్యామల.

రైఫిల్ దెబ్బ సూటిగా వెనక్కి వస్తుంది. దాన్ని భుజం ఓర్చుకోగలదు. పిడి లాగడాన్ని ఓర్చుకోవడం లేదు. ఎడమచేత్తో ప్రయత్నించాడు. తొడుగు ఎక్కడ బిగుస్తుందో కుడిచేతికి తెలుసు, ఎడమచేతికి తెలియదు. రెండు తొడుగులు అచ్చులో ఇరుక్కుపోయాయి.

"నేను లాగిపెడతాను కదా," అంది శ్యామల.

"వద్దు. ఇంకొకరి చెయ్యి అడిగి చేసుకునే పని కాదిది. గట్టి ప్రెస్ ఒకటి కొంటాను. దాంతోనూ కాకపోతే రైఫిల్ అమ్మేస్తాను."

గిన్నెలు తుడుస్తూ అన్నాడు. ఆ మాట అన్నాక తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడిచాడు. శ్యామల చూసింది.

శనివారం ఆమే కారు నడిపి తుపాకుల షాపుకు తీసుకెళ్ళింది. షాపు ఒరెస్ట్ అనే ముసలాయనది. అతని పూర్వీకులు ఉక్రెయిన్ నుంచి వచ్చి ఇక్కడ గోధుమ పండించారు. అతను మూడు ప్రెస్‌లు చూపించాడు.

మొదటిది అల్యూమినియం. తేలికగా ఉంది. "నీ తూటాలకి ఇది వంగుతుంది," అన్నాడు ఒరెస్ట్ ఇంగ్లీషులో. "అమ్ముతాను. కానీ వంగుతుంది."

రెండోదానికి పిడి నడినెత్తిన ఉంది. రామమోహనరావు చెయ్యి ఎత్తాడు. చెయ్యి ఛాతీ దాకా వచ్చి ఆగింది. ఒరెస్ట్ అటు తిరిగి, శుభ్రంగానే ఉన్న గాజు అల్మరా తుడవడం మొదలుపెట్టాడు.

మూడోది పోత ఇనుము. పెట్టెలోంచి సగమే పైకి తీశాడు. పిడి విడిగా ఉంది, చేతికర్రలో సగం పొడవు.

"ఇది నీ వాటికంటే పెద్ద తూటాలకి. నీకు అంత అవసరం లేదు."

"పిడి పొడవైతే బలం తక్కువ చాలు," అన్నాడు రామమోహనరావు.

"అది నిజం."

"ఏవండీ, మెట్లు ఎవరు దింపుతారు దీన్ని?" అంది శ్యామల.

ఆమే దింపింది, ఒక్కో మెట్టు మీదా కూర్చోబెడుతూ.

బేస్‌మెంట్‌లో అతను సొంతంగా చేసుకున్న స్ప్రూస్ చెక్క బల్ల ఉంది. నిలబడి పనిచేసే ఎత్తు. దానికి ప్రెస్ బిగించాడు, ప్రెస్‌కు పిడి బిగించాడు. అప్పుడు చూశాడు. పిడి చివర అతని కళ్ళ ఎత్తులో ఉంది. షాపులో పిడి ఎంత పొడవో లెక్క చూసుకున్నాడు. అది ఏ ఎత్తున మొదలవుతుందో చూసుకోలేదు. వృత్తేమో పటాలు గీయడం.

లైటు ఆర్పి పైకొచ్చాడు.

శ్యామల వంటింట్లో నేల మీద కత్తిపీట వేసుకుని బీరకాయలు తరుగుతోంది. ఆ కత్తిపీట సూట్‌కేసులో చీరల మధ్య ఈ దేశం వచ్చింది.

"బాగుందా?"

"బాగుంది."

"మరి లైటార్పేశారేం?"

అతను చెప్పాడు. ఆమె తరగడం ఆపలేదు.

"పిడి ఎంత ఎత్తుంది?"

ఎడమచేత్తో చూపించాడు.

"మీ చెయ్యి ఎందాకా లేస్తుంది?"

కుడిచేత్తో చూపించాడు. ఆమె రెండు చేతులనూ చూసింది.

"అయితే బల్ల కాళ్ళు కోసేయండి."

"కాళ్ళు కోస్తే ఎలా నిలబడి చెయ్యను?"

"నిలబడమని ఎవరన్నారు? కూర్చోండి. నేను నిలబడి తరుగుతున్నానా?"

బల్ల అతను ఇష్టపడి చేసుకున్నది. ఆ రాత్రి కిందికెళ్ళి దాని కాళ్ళు కొలిచాడు. మర్నాడు పొద్దున నాలుగు కాళ్ళ మీదా పెన్సిల్‌తో గీతలు గీశాడు. ఎలక్ట్రిక్ రంపం శ్యామల పట్టుకుంది. మోకాలెత్తున మిగిలిన బల్లను సిమెంటు నేలకు బోల్టులతో బిగించారు.

శ్యామల ప్రెస్‌కు కుంకుమ బొట్టు పెట్టి నిమ్మకాయ తీసింది.

"నిమ్మకాయ వద్దు శ్యామలా. రసం పడితే ఇనుము తుప్పు పడుతుంది."

"కారు కింద పెట్టినప్పుడు కారుకు పట్టలేదే!"

"దానికి పట్టినా కనపడదు."

నిమ్మకాయను ప్రెస్ పక్కన కాసేపు ఉంచి తీసేసింది. మధ్యాహ్నం పులిహోరలో పిండింది.

భోజనం తర్వాత అతను ఒక్కడే కిందికి దిగాడు. పీట వేసుకుని ప్రెస్ ముందు కూర్చున్నాడు. పిడి ఛాతీ ఎత్తున చేతికందింది. తొడుగుకు నూనె రాసి పెట్టి పిడి లాగాడు. సగంలో బిగిసింది. అది బిగుస్తుందని చేతికి ముందే తెలుసు. నడుము కూడా ముందుకు వంచాడు. పిడి నేల దగ్గరికి వెళ్ళింది. భుజం నొచ్చింది కానీ ఆగలేదు. తొడుగు బయటకు తీసి కొలిచాడు. సరిపోయింది. ఇంకొకటి పెట్టాడు. ట్రేలోవన్నీ అయ్యేదాకా చేశాడు.

తర్వాత లేవబోయాడు. మోకాళ్ళు ఒప్పుకోలేదు. కుడిచెయ్యి బరువు మోయనంది. బల్ల ఆనుకుని లేచే ఎత్తులో లేదు. ఆ ఎత్తు నిన్నటిదాకా ఉంది.

"శ్యామలా!"

ఆమె మెట్ల మీదికొచ్చింది. "ఏమైంది? ఇరుక్కుందా?"

"ఇరుక్కుంది."

"తొడుగా?"

"నేను."

ఆమె దిగి వచ్చి ట్రే చూసింది, అతన్ని చూసింది.

"ఇంకొకరి చెయ్యి అడగనన్నారుగా?"

"తూటాలకి అడగనన్నాను."

"ఎడమచెయ్యి ఇవ్వండి," అంది.

ఇచ్చాడు. లేపింది.

రైఫిల్ అమ్మే మాట మళ్ళీ రాలేదు. చలికాలమంతా మూసి ఉన్న రేంజ్‌ను మే నెలలో తెరిచారు, పలక మోగింది. ఆదివారాలు భోజనం తర్వాత అతను పీట వేసుకుని కూర్చుంటాడు. పని అయ్యాక పిలుస్తాడు. శ్యామల చేతిలో ఉన్నది ముగించుకుని గానీ కదలదు. పిలుపుకూ, మెట్ల మీద ఆమె అడుగుల చప్పుడుకూ మధ్య కొంత సమయం పడుతుంది.