గాజుల చప్పుడు లేని చేతులు

ఆ రోజుల్లో నా చేతులకు డజను గాజులుండేవంటే మీరు నమ్మరు. మొన్న ఫోన్‌లో మీరిద్దరూ "అమ్మమ్మా, ఎన్నిసార్లు చేతులు కడుగుతవ్? తోలు ఊడిపోతది" అని నవ్వారు కదా, దూరం నుంచి ఏం చెప్తాంలే అని ఊరుకున్నాను. నాకు ఈ అలవాటు శుభ్రం మీద ప్రేమతో రాలేదు పిల్లలూ. కుళ్లుతో వచ్చింది.

పందొమ్మిదేళ్లకు నేను జగిత్యాల శివారులో ఒక వృద్ధాశ్రమంలో ఆయాగా చేరాను. నాతోపాటే ఇంకో అమ్మాయి చేరింది. (పేర్లెవరికీ పట్టలేదు. ఆమె సిరిసిల్ల పిల్ల, నేను కోరుట్ల పిల్ల.) అన్నల కాలం అది, అంటే నక్సలైట్లది. పొద్దుగూకితే బస్సులు నిలిచిపోయేవి, దారంతా పోలీసుల తనిఖీలు, ఎంత పెద్ద రోగమైనా డాక్టరు తెల్లారాకే వచ్చేవాడు. ఆ వానాకాలం మా ముసలివాళ్లలో నలుగురికి ఒకరి తర్వాత ఒకరికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. పెద్ద సిస్టరు మా ఇద్దరినీ నల్లా దగ్గర నిలబెట్టింది. "రోగం దానంతటది నడిచి రాదు. మన చేతులు పట్టుకోని మంచం మంచానికి తిరుగుతది. ఒక మంచం ఇడిచి ఇంకో మంచం ముట్టే ముందు ఎర్ర సబ్బుతోని కడుగుండ్రి. గాజుల కింద మురికి దాసుకుంటది, తీసి గా గోడ మొలకు తగిలియ్యుండ్రి. మంచిగ చేసినోళ్లను కరీంనగర్‌ల నర్సు ట్రైనింగ్‌కు పంపిస్త. ఒక్కటే సీటు!"

ఆ సీటు మీద నాకెంత ఆశో! రుమాలు మడిచి తలమీద టోపీలా పెట్టుకుని అద్దంలో చూసుకునేదాన్ని. కానీ గాజులు తీయమంటే ప్రాణం ఒప్పలేదు. వేములవాడ జాతరలో కొన్న ఎర్రగాజులవి. "పెండ్లి గాని పిల్ల బోడచేతులతోని తిరుగుతదా సిస్టర్?" అన్నాను. సిరిసిల్ల పిల్ల మాత్రం కిక్కురుమనకుండా తన గాజులు తీసి మొలకు తగిలించింది. నేను వేళ్ల కొసలు తడిపి కొంగుకు తుడుచుకునేదాన్ని.

చివరి మంచం దొరసానమ్మది. అన్నల భయానికి వెల్గటూర్ దిక్కు తమ గడి, కోటలాంటి ఇల్లు, విడిచి వచ్చిన మనిషి; కళ్లకు పొరలొచ్చి మనుషులు ఆనరు. నా గాజులు గలగలమంటే చాలు, గోడవైపు తిరిగి "నేను పండుకున్న" అనేది. (పండుకున్న మనిషి చెప్తుందా?) అదే సిరిసిల్ల పిల్ల వస్తే చేయి పట్టుకుని వాసన చూసి, "సబ్బు వాసన! నా బంగారి బిడ్డ" అంటూ గంజి గటగటా తాగేది. నేను చేతిలో గిన్నె ఠంగుమని కింద పెట్టేదాన్ని. ఒకరోజు ఆగలేక, "నా గాజులు గూడ అన్నలేనా, గంత భయపడుతున్నవ్?" అన్నాను. "అన్నలు చీటీ పంపి అస్తరు పిల్లా. నీ చేతులల్ల రోగం చెప్పకుంట అస్తది!"

మర్నాడు మధ్యాహ్నం సిరిసిల్ల పిల్ల దుప్పట్లు ఉతుకుతుంటే, గాజులన్నీ తీసి (రెండు పగిలాయి), మోచేతుల దాకా ఎర్ర సబ్బు రుద్దుకుని, పిల్లిలా దొరసానమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె నా చేయి వాసన చూసింది. "అచ్చినవా సిరిసిల్ల బిడ్డా?" "ఊ" అన్నాను. గంజి మొత్తం తాగేసింది. ఇక రోజూ మధ్యాహ్నం, సాయంత్రం అదే వేషం. మధ్యలో ఇంకో మంచం ముడితే సబ్బు వాసన పోతుందేమోనని మంచం మంచానికీ కడిగేదాన్ని. నా కుళ్లు పుణ్యమా అని ఐదో మనిషికి రోగం అంటలేదు.

వానలు తగ్గాక పెద్ద సిస్టరు వచ్చి, "ఎవలు మంచిగ చూసిండ్రు?" అని అడిగింది. దొరసానమ్మ అందరికంటే ముందు అందుకుంది. "ఇంకెవలు, సిరిసిల్ల పిల్ల! దినాం మూడుపూటల గంజి తాగిపిచ్చింది. కోరుట్ల పిల్ల నా దిక్కే రాలే."

ఆ మూడుపూటల్లో రెండు నావి! నోరు తెరిస్తే దొంగవేషం బయటపడుతుంది. సిరిసిల్ల పిల్ల తెల్లబోయి, "సిస్టర్, నేను పొద్దుగాల ఒక్కపూటనే..." అంది. "సూడుండ్రి, ఎంత అణకువనో!" అని సిస్టరు సీటు అక్కడికక్కడే ఆమెకిచ్చేసింది.

ఆమె బస్సెక్కిన రోజు, వాచిన కళ్లతో, అలవాటుగా చేతులు కడుక్కుని గంజి తీసుకెళ్లాను. దొరసానమ్మ చేయి పట్టుకుంది. "ఏడ్వకు కోరుట్ల పిల్లా."

గిన్నె కింద పెట్టేశాను. "నేనని ఎప్పుడెరుకైంది?"

"మొదటిరోజే. గా పిల్ల చేతులు సల్లగుంటయి, నీయి కాలుతయి."

"మరి సిస్టర్‌కు చెప్పకపోతివి?"

"చెప్తే నువ్వు కరీంనగర్ పోతుంటివి. గా పిల్లది ఎక్కడున్నా కడిగే చెయ్యి. నువ్వు గిట్ల కడుగుడు నేర్సిందే మొన్న. గా పిల్ల పోసేది ఒక్కపూట, నువ్వు రెండు పూటలు. నువ్వు పోతే నాకు గంజి ఎవలు పోస్తరే?"

ఆ ముసలిదాని స్వార్థానికి అప్పుడు పళ్లు కొరికాను. మూడేళ్లు నా చేతి గంజే తాగింది, ఒక్కసారి కూడా గోడవైపు తిరగలేదు. నేను ఆయాగానే ఉండిపోయాను. ఇప్పటికీ నా గాజులు నల్లా పక్క మొలకే ఉంటాయి. సబ్బు అందుకోగానే ముందు సిరిసిల్ల పిల్లే గుర్తొస్తుంది. ఎక్కడుందో ఏమో గానీ, ఆమెకంటే ఒక్కసారి ఎక్కువే రుద్దుతాను.